వెంకాయమ్మ బావిలో చిల్లికుండ

నీళ్ళ మంచిచెడ్డలు తేల్చడానికి పట్నాల్లో ప్రయోగశాలలున్నాయనీ, అక్కడ గాజుగొట్టాల్లో నీళ్ళు పోసి, మందులు కలిపి, రంగు చూసి చెబుతారనీ తిరువూరులో చదువుకున్నవాళ్ళు అంటుండేవారు. తిరువూరుకు ఆ అవసరం కలగలేదు. ప్రతి వంటింట్లోనూ ఒక ప్రయోగశాల ఉండేది. దాని పేరు కందిపప్పు. సోలెడు పప్పు కడిగి, బావినీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాలి. రెండు పొంగులకు పలుకు లేకుండా మెత్తబడితే అవి మంచినీళ్ళు. మధ్యాహ్నం దాకా గింజ గింజలాగే ఉండి ఇంటిల్లిపాదినీ ఆకుల ముందు కూర్చోబెడితే అవి ఉప్పునీళ్ళు. ఈ తీర్పు మీద అప్పీలు లేదు.

ఈ న్యాయస్థానంలో ఒక్కసారి కూడా ఓడిపోని బావి వెంకాయమ్మది.

వెంకాయమ్మ పుట్టింది వినగడపలో. వాళ్ళింటి బావిలో నీళ్ళకు లోటు లేదు, రుచికే లోటు. ఆమె తల్లి కోడికూతకు పప్పు పొయ్యి మీద పెడితే, మేతకు పోయిన గొడ్లు నీడకు చేరే వేళకు దించేది. ఆమె తండ్రి వీరరాఘవయ్య సంబంధం చూడటానికి తిరువూరు వచ్చినరోజు పెళ్ళికొడుకు బసవపున్నయ్య పొలంలో ఉన్నాడు. కబురు వెళ్ళింది. అతను వచ్చేలోగా, ఎండన పడి వచ్చారు కదా అని వీరరాఘవయ్యకు చెంబుతో నీళ్ళిచ్చారు. ఆయన తాగాడు. చెంబు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. ఇంకో చెంబు అడిగాడు. అదీ తాగి, లేచి వెళ్ళి బావిలోకి తొంగిచూసి వచ్చి, ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామన్నాడు. బసవపున్నయ్య కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి మాట ఖాయమైపోయింది.

"మా మామగారు బావికి పిల్లనిచ్చాడు. బావి పక్కన నేనున్నాను కాబట్టి నాకు దక్కింది," అని బసవపున్నయ్య చెప్పుకునేవాడు. అందులో ఫిర్యాదు ఉండేది కాదు. వెంకాయమ్మ కాదనేదీ కాదు.

కాపురానికి వచ్చిన మర్నాడు ఆమె పప్పు పొయ్యి మీద పెట్టి, ఇంకా బోలెడు పొద్దుందిలే అని వాకిలి ఊడవబోయింది. తిరిగొచ్చేసరికి పప్పు మాడి కూర్చుంది. అత్తగారు కోప్పడలేదు. "ఇది వినగడప కాదమ్మాయ్," అని మాత్రం అన్నది. ఆ మాడిన గిన్నె తోముతూ వెంకాయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాట పడినందుకు కాదు. తల్లి గుర్తుకొచ్చింది, పొయ్యి ముందు ఆవిడకు కరిగిపోయిన పొద్దులన్నీ గుర్తుకొచ్చాయి. ఆ పూట నుంచి ఆమె బావి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా గిలకను ఒకసారి కళ్ళకద్దుకునేది. ఎవరైనా చూస్తే, తుప్పు పట్టిందేమోనని చూస్తున్నానని చెప్పేది.

అత్తగారు పోయాక బావి పెత్తనం ఆమెకు వచ్చింది. వీధిలో పన్నెండిళ్ళవాళ్ళు మంచినీళ్ళకు అక్కడికే వచ్చేవారు. ఆమె ఎవరినీ కాదనలేదు. అలాగని ఎవరినీ ఇష్టమొచ్చినట్టు తోడుకోనివ్వనూ లేదు. ఎవరి చేద వాళ్ళు తెచ్చి వెయ్యడానికి వీల్లేదు. గిలకకున్న ఇత్తడి చేద ఒక్కటే బావిలోకి దిగాలి. అది నేల మీద ఆనకూడదు, తోడుకున్నాక కొక్కేనికి తగిలించాలి. చప్టా మీదికి చెప్పులు రాకూడదు. గిన్నెలు తోమడం, బట్టలుతకడం, పుక్కిలించడం, బిందె నిండాక నిలబడి ఊరి సంగతులు చెప్పుకోవడం నిషిద్ధం. ఈ చివరి నియమాన్ని ఎవరూ పాటించలేదు, పెట్టినావిడతో సహా. వైశాఖంలో నీళ్ళు అడుగంటగానే మనుషులను దించి పూడిక తీయించేది. ఆ రోజు ఇంట్లో పరమాన్నం. బావికి పురిటిస్నానం చేయించినంత హడావిడి.

ఆ బావికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్నది మాత్రం ఆమె పెట్టిన నియమం కాదు. అది ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పాటించడం అందరికీ తెలుసు.

అందరికంటే ముందు, ఇంకా చీకటి విడకముందే, పక్కింటి శారదాంబ మడిబట్టతో వచ్చి తోడుకునేది. ఆమె భర్త పరబ్రహ్మం శివాలయంలో అర్చకుడు. వాళ్ళ దొడ్లో బావి ఉంది గానీ ఆ నీళ్ళకు పప్పు ఉడకదు. ఆడవాళ్ళిద్దరిదీ ఇరవై ఏళ్ళ స్నేహం. వెంకాయమ్మకు సంతకం నేర్పింది శారదాంబే. చప్టా మీద తడివేలితో అక్షరాలు దిద్దించింది. ఎండకు అవి ఆరిపోతుంటే మళ్ళీ దిద్దించింది. అలా ఆరుతూ ఆరుతూ నెల తిరిగేసరికి "వెంకాయమ్మ" అన్న నాలుగక్షరాలూ చేతికి నిలిచాయి.

ఆ సంతకంతో ఆమె చేసిన మొదటి పని అబద్ధం ఆడటం.

డెబ్భై మూడో సంవత్సరం వేసవిలో ఆ బావికి శౌరయ్య వచ్చాడు. బావి దాకా కాదు, దొడ్డి తలుపు దాకా. అతను ఆరోగ్యశాఖలో పనివాడు, ఊరి చివర పేటలో ఇల్లు. ఖాకీ చొక్కా, పాత సైకిలు, సైకిలు వెనక బ్లీచింగు పౌడరు డబ్బా. అతను వీధి మొదట్లో ఉండగానే ఆ వాసన వీధి చివరికి చేరుకుని అందరికీ కబురు చెప్పేది. నెలకోసారి వచ్చి, ఇంటింటి బావికీ పొట్లం కట్టి ఇచ్చి, వాడే పద్ధతి చెప్పేవాడు: బక్కెట్టు నీళ్ళలో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైన తేట మాత్రం బావిలో పోసి, చేదతో నాలుగుసార్లు కలియబెట్టి, ఆ రాత్రికి వదిలెయ్యాలి. తరవాత తన పుస్తకంలో "మందు వేయబడినది" అన్న గడిలో సంతకం పెట్టించుకునేవాడు.

మొదటి పొట్లాన్ని వెంకాయమ్మ నిజంగానే వేసింది. అయితే మందు ఎంత ఎక్కువైతే గుణం అంత ఎక్కువని నమ్మిన ఇల్లాలు కాబట్టి, కలపడం తేర్చడం లాంటి నసుగుళ్ళు పెట్టుకోకుండా, తెల్లవారుజామున పొట్లం విప్పి ఉన్నదంతా బావిలో దులిపేసింది. ఆ పూట పన్నెండిళ్ళ కాఫీ మురుగుకాలవ పాలైంది. శివాలయంలో అభిషేకం చేయించుకున్న శివుడు మధ్యాహ్నం దాకా ఆసుపత్రి వాసన వేశాడు. పప్పు ఉడికింది గానీ ఎవరూ తినలేకపోయారు. ఆ రోజే వెంకాయమ్మ ఒట్టు పెట్టుకుంది, తన బావిలో ఆ పొడి ఇంకెప్పుడూ పడదని.

శౌరయ్యకు ఆ సంగతి చెప్పి నొప్పించడం ఎందుకు? ప్రతి నెలా రెండు చేతులతో పొట్లం అందుకునేది. దొడ్డి చూరులో అతనికని విడిగా ఉంచిన గ్లాసులో మజ్జిగ పోయించేది. సంతకం పెట్టేది. సైకిలు మలుపు తిరగగానే పొట్లాన్ని స్నానాలగది తూములో గుమ్మరించేది. ఇలా, మొదటి నెలతో కలిపి, ఇరవై ఎనిమిది నెలలు గడిచాయి. కాగితాల ప్రకారం చూస్తే ఆ ప్రాంతంలో అంతకంటే శుద్ధమైన బావి లేదు.

డెబ్భై అయిదో సంవత్సరం శ్రావణంలో ఎనిమిది రోజులు ముసురు పట్టింది. కట్టలేరు వాగు పొంగి వినగడప బస్సు ఆగిపోయింది. వెంకాయమ్మ బావిలో నీళ్ళు పైపైకొచ్చి, వంగి చెంబుతో ముంచుకోవచ్చునన్నంత దగ్గరికి వచ్చాయి. వీధిలోవాళ్ళు వచ్చి గంగమ్మ తల్లి నట్టింట్లోకి వచ్చిందని పసుపు కుంకాలు వేసి దణ్ణం పెట్టుకున్నారు. నీళ్ళు కాస్త ఎర్రబారాయి. శారదాంబకు అనుమానం వచ్చి అడిగింది.

"తాగొచ్చంటారా అక్కయ్యగారూ?"

వెంకాయమ్మ వెంటనే సోలెడు పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. రెండు పొంగులకు పువ్వులా విచ్చుకుంది. గరిటెతో తీసి చూపించింది. "పప్పు ఉడికాక నీళ్ళకేం రోగం శారదమ్మా? నిక్షేపంగా తాగండి," అన్నది.

శారదాంబ తాగింది.

నాలుగోనాటికి ఆమెకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మాపటికి కళ్ళు లోతుకు పోయాయి, గొంతు పోయింది. పరబ్రహ్మం రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మర్నాటికి అదే వీధిలో ఇంకో ఇద్దరు మంచాన పడ్డారు. వెంకాయమ్మ ఆసుపత్రికి వెళ్ళేసరికి శారదాంబ చేతికి సెలైను ఎక్కుతోంది. డాక్టరు పరబ్రహ్మాన్ని, ఏ నీళ్ళు తాగుతున్నారండీ అని అడుగుతున్నాడు. ఆయన ఒకసారి వెంకాయమ్మ వంక చూసి, తల తిప్పుకుని, "బావినీళ్ళేనండి," అన్నాడు. ఎవరి బావో చెప్పలేదు. గట్టిగా తిట్టి ఉంటే ఆమెకు ఇంటికి నడవడం ఇంకాస్త తేలికయ్యేది. ఇంకో రెండు రోజులు గడిస్తేగానీ చెప్పలేమన్నారు డాక్టరుగారు.

ఇంటికొచ్చి ఆమె మళ్ళీ పప్పు పెట్టింది. అది ఉడకకపోతే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకుంది. ఉడికింది.

మర్నాడు పొద్దున శౌరయ్య వచ్చి దొడ్డి తలుపు అవతల ఆగాడు. సైకిలు గంట కొట్టలేదు. వెంకాయమ్మ అరుగు దిగి ఎదురెళ్ళింది.

"పప్పు ఉడికింది శౌరయ్యా," అన్నది, అతను ఏదీ అడగకముందే. "నిన్న కూడా చూశాను. రెండు పొంగులకే."

"ఉడుకుతుందమ్మగారూ. మీ నీళ్ళలో ఉప్పు లేదు, అందుకుడుకుతుంది. పురుగున్నా ఉడుకుతుంది. ఆ పురుగు కూడా పప్పుతో పాటే ఉడుకుతుంది."

ఆమెకు వెంటనే తలకెక్కలేదు. శౌరయ్య నెమ్మదిగా విడమరిచాడు.

"మీరు పొయ్యి మీద పెట్టి చూసిన నీళ్ళలో పురుగు చచ్చిపోయిందమ్మా. శారదాంబగారు తాగింది పొయ్యెక్కని నీళ్ళు."

ముద్దాయిని సలసలా కాగే నీళ్ళలో ఉడకబెట్టి, ఆ తరవాత అతనిలో కదలిక లేదు కాబట్టి నిర్దోషి అని ముప్ఫై ఏళ్ళుగా చెబుతూ వచ్చిన న్యాయస్థానం ఆ పొద్దు అక్కడితో మూతపడింది. వెంకాయమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

"నీకొకటి చెప్పాలి. మొదటిది తప్ప నువ్విచ్చిన పొట్లం ఒక్కటీ బావిలో వెయ్యలేదు. సంతకాలన్నీ దొంగవి."

"తెలుసమ్మగారూ."

"ఎట్లా తెలుసు?"

"మీ స్నానాలగది తూము పక్కన రెండేళ్ళుగా గడ్డి మొలవడం లేదు."

"మరి తెలిసీ అడగవేం?"

శౌరయ్య సైకిలు గంటను బొటనవేలితో తుడిచాడు. "మీరు సంతకం పెట్టేవారు, నేను సైకిలెక్కేవాణ్ణి. పెద్దవాళ్ళతో పేచీ ఎందుకులే అనుకున్నా. ఇందులో సగం తప్పు నాదేనమ్మా."

కాసేపు ఇద్దరూ తమ తమ సగాలు మోస్తూ నిలబడ్డారు. తరవాత ఆమె, మీ పేటలో ఎలా ఉందని అడిగింది. అతను చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాడు. వాళ్ళ బావినీళ్ళకు పప్పు మధ్యాహ్నానికి గాని ఉడకదు. కానీ రెండేళ్ళుగా ఆ బావిలో మందుకుండ వేలాడుతోంది. ముసుర్లో అక్కడ మంచానపడ్డ మనిషి లేడు.

"నా బావికీ కట్టు," అన్నది వెంకాయమ్మ. "శారదమ్మ తిరిగొచ్చేసరికి నా బావినీళ్ళు ఆవిడ తాగేట్టుండాలి. లేకపోతే దాన్ని పూడ్పించేస్తాను."

ఉత్తినే అన్న మాట కాదది. ఆవిడ ఉత్తినే ఏదీ అనదని బసవపున్నయ్యకు తెలుసు. అరుగు మీద కూర్చుని విన్న ఆయన చేతిలో చుట్ట ఆరిపోయింది.

శౌరయ్య ముందు ఒక పరీక్ష చేయించాడు. బట్టలకు పెట్టే నీలిమందును బక్కెట్టులో కలిపి, గొడ్లచావిడి పక్కన కుడితిగోలెం దగ్గర నిలిచిన మురుగులో పొయ్యమన్నాడు. వెంకాయమ్మే పోసింది. సాయంత్రానికి, చప్టా రాయి బీట పడ్డచోటుకు సరిగ్గా కింద, బావి లోపలి రాళ్ళ మీద నీలిచార దిగింది. అది చూసి అందరికంటే ఎక్కువ తెల్లబోయింది బసవపున్నయ్య. భార్య నడుంనొప్పి చూడలేక, ఆమెకు నీళ్ళు మోసే బాధ తప్పుతుందని గోలేన్ని పోయినేడు బావి దగ్గరికి జరిపించింది ఆయనే. గేదెలు తొక్కీ తొక్కీ రాయి బీట వేసింది. ప్రేమ వల్ల జరిగే నష్టాలకు ఎవరిని అడగాలో ఆయనకు తోచలేదు. ఆ రాత్రికి రాత్రే గోలెం పాతచోటికి వెళ్ళింది. మర్నాడు తాపీమేస్త్రి వచ్చి బీటను సిమెంటుతో పూడ్చాడు.

ఇంతవరకూ ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు వచ్చింది కుండతో.

ఆ మధ్యాహ్నం శౌరయ్య సైకిలు మీద కుండ తెచ్చాడు. కొత్త కుండే. అడుగున పక్కలకు మేకుతో రెండు చిల్లులు పొడిచాడు. ఒక పాలు పొడికి రెండు పాళ్ళ ఇసక కలిపి అందులో నింపి, మూతికి ప్లాస్టిక్ కాగితం చుట్టి, తాడుతో నీళ్ళలో వేలాడగట్టాలి. మందు చిల్లుల్లోంచి కొద్దికొద్దిగా, గుక్కెడు గుక్కెడుగా నీళ్ళలో కలుస్తుంది. వాసన ముక్కు బద్దలు కొట్టదు. వారానికోసారి మళ్ళీ నింపాలి. చెప్పడం అయ్యేసరికి బావి చుట్టూ చేరిన వీధివాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు.

చిల్లికుండ. ఆ ఊళ్ళో హిందువుల ఇళ్ళలో మనిషి పుట్టిన దగ్గర్నుంచి దాన్ని ఒకేఒకచోట చూస్తాడు. చితి చుట్టూ కొడుకు భుజాన పెట్టుకు తిరుగుతుంటే, చిల్లులోంచి నీళ్ళు కారుతుంటాయి, తిరగడం అయ్యాక వెనక్కి చూడకుండా పడేసి పగలగొడతారు. అలాంటి కుండను, ముగ్గురు మంచానపడ్డ వీధిలో, ముత్తయిదువ ఉన్న ఇంట్లో, పన్నెండిళ్ళకు మంచినీళ్ళిచ్చే బావిలో వేలాడదియ్యడమా?

ముప్ఫై ఏళ్ళలో భార్య మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని బసవపున్నయ్య లేచాడు. "ఏదైనా ఒప్పుకుంటాను గానీ ఇది వద్దే. శారదమ్మగారు అక్కడ ఆ స్థితిలో ఉండగా ఇక్కడ ఈ కుండ దింపితే, రేపు జరగరానిది జరిగితే, ఊరు మనల్నేమంటుంది?" అన్నాడు. అది కడితే తాము ఈ బావి గడప తొక్కమని వీధివాళ్ళు తేల్చిచెప్పారు.

వెంకాయమ్మ కుండ వంకా, వీధి వంకా చూసింది. కుండ కడితే వీధి రాదు. కట్టకపోతే రోగం పోదు.

"మీ పేటలో ఎవరూ ఏమీ అనలేదా శౌరయ్యా?" అని అడిగింది.

"మేం పాతిపెట్టేవాళ్ళం కదమ్మా. మాకు కుండ గొడవ లేదు," అన్నాడతను వినయంగా.

సరిగ్గా అప్పుడు పరబ్రహ్మం వచ్చాడు. ఆసుపత్రి నుంచి స్నానానికి వచ్చి, గుడికెళ్ళి పూజ చేసి, మళ్ళీ ఆసుపత్రికి పోవాలి. మూడు రాత్రులు నిద్ర లేదు. మామూలు రోజుల్లో ఆయన ఏది చెప్పినా ఒక శ్లోకంతో మొదలుపెట్టి, దాని అర్థంతో విసిగించి, అసలు సంగతి రేపటికి వాయిదా వేసేవాడు. వీధంతా ఆయన వైపు తిరిగింది. ఆ కుండను చూసి గుండె జారవలసిన మనిషి ఎవరైనా ఉంటే ముందు ఆయనే.

ఆయన కుండ దగ్గరికెళ్ళి, వంగి, రెండు చిల్లులూ చూశాడు. మందు ఎలా పనిచేస్తుందో శౌరయ్యనడిగి విన్నాడు.

"వేసవిలో మా శివుడి నెత్తిన వేలాడేది ఏమిటి? చిల్లిపాత్రే గదా," అన్నాడు. "అక్కడ దణ్ణం పెట్టి, ఇక్కడ దడుచుకుంటారేం?"

"అది వేరు కదండీ అయ్యగారూ," అని బసవపున్నయ్య గొణిగాడు.

"తేడా ఉంది, కాదనను. శ్మశానంలో కుండ కారి ఖాళీ అయిపోతుంది, దాన్ని మళ్ళీ నింపేవాడుండడు. గుళ్ళో పాత్ర కారినకొద్దీ నేను నింపుతాను. అంతే తేడా." ఆయన వెంకాయమ్మ వైపు తిరిగాడు. "వారం వారం తప్పకుండా నింపుతానంటే ఇది ధారాపాత్ర. పది రోజులు చూసి వదిలేస్తే మాత్రం ఇది రెండోదే. ఏదో మీరే తేల్చండి."

"నింపుతాను," అన్నది వెంకాయమ్మ. "నా ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ నింపుతాను."

అదే శాసనమైంది. శాస్త్రం ఒప్పుకున్నాక వీధివాళ్ళు వెనక్కి వేసిన నాలుగడుగుల్లో రెండు ముందుకు వేశారు. మిగతా రెండూ వెయ్యలేదు, ఎందుకంటే కుండ ఇంకా దొడ్డి తలుపు అవతల, శౌరయ్య చేతుల్లో ఉంది. శాస్త్రం ఎంత చెప్పినా దాన్ని చేత్తో అందుకునే ధైర్యం ఇవతల ఎవరికీ లేదు. ఇవతలికి అడుగుపెట్టే వాడుక అతనికి లేదు. ధర్మసంకటాలు రాసి పెట్టిన పెద్దలెవరూ ఈ ఒక్కటీ ఊహించినట్టు లేదు.

వెంకాయమ్మ వెళ్ళి తలుపు బార్లా తెరిచింది.

"నువ్వే తీసుకురా. నువ్వే కట్టు. ముడి ఎట్లా వెయ్యాలో నాకు చూపించు."

శౌరయ్య చెప్పులు బయట విప్పాడు. చప్టా ఎక్కాడు. అడ్డు చెప్పాలనుకున్నవాళ్ళు పరబ్రహ్మం ముఖం చూసి ఊరుకున్నారు. అతను ముందు బక్కెట్టులో మందు కలిపి, తేర్చి, తేట బావిలో పోసి, ఆ ఇత్తడి చేదతోనే కలియబెట్టాడు. ఆ రోజంతా ఎవరూ తోడవద్దన్నాడు. తరవాత కుండను నీళ్ళలో మనిషి చెయ్యి పొడవు లోతుకు దించి తాడు కట్టాడు. ముడి వేసి, విప్పి, వెంకాయమ్మ చేత వేయించాడు. ఆమె కుండ మెడకు అంతకుముందే మూడు విభూతిరేకలు పెట్టింది. అవి తడవగానే పోయాయి. ఆమె పట్టించుకోలేదు.

మర్నాడు తెల్లవారగానే మొదటి చేద ఆమే తోడింది. మొదటి చెంబు ఆమే తాగింది. ఎక్కడో అడుగున సన్నగా మందు వాసన ఉంది, అంతే. రెండు రోజులు గడిచినా ఆమెకు ఏమీ కాకపోయేసరికి వీధి బిందెలతో వచ్చింది. నెల్లాళ్ళపాటు అందరూ కాచి చల్లార్చి తాగమని శౌరయ్య చెబితే, వెంకాయమ్మ ఇంటింటికీ తిరిగి పొయ్యిలు తనిఖీ చేసింది. ఈ మధ్యలో ఒక పూట ఎవరూ చూడకుండా పప్పు కూడా పెట్టి చూసింది. తీర్పు కోసం కాదు, పలకరింపు కోసం. రెండు పొంగులకే ఉడికింది.

మంచాన పడ్డ ఆ ఇద్దరూ లేచి తిరిగారు. పదకొండో రోజున శారదాంబ రిక్షా దిగింది. మనిషి సగమైంది. వెంకాయమ్మ తన గుమ్మంలోనే నిలబడిపోయింది, ఎదురెళ్ళాలో లేదో తేలక. శారదాంబ తన ఇంట్లోకి పోలేదు. మెల్లగా నడిచి వచ్చి చప్టా పక్కన కూర్చుంది.

"ఒక చెంబు మంచినీళ్ళిప్పించండి అక్కయ్యగారూ. ఆసుపత్రి నీళ్ళు గొంతు దిగలేదు."

వెంకాయమ్మ కాచి చల్లార్చిన నీళ్ళు తెచ్చింది. చెంబు అంచుదాకా నింపడంతో కొన్ని చప్టా మీద ఒలికాయి. మడి మాట ఆ పూట ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. శారదాంబ చెంబెడూ తాగింది. తాగి, ఒలికిన నీళ్ళలో వేలు ముంచి, చప్టా మీద ఏదో గీసింది. ఏమిటని అడిగితే, వ్రాయడానికి చేతిలో బలం ఉందో లేదో చూస్తున్నానన్నది. ఉంది. ఎండకు ఆరేదాకా వెంకాయమ్మ దాన్ని చూస్తూ కూర్చుంది. ఆమె పేరే.

ఆ వారం నుంచి ప్రతి సోమవారం శౌరయ్య మందు తెచ్చేవాడు. వెంకాయమ్మ తాడు లాగి, కుండ కడిగి, ఇసకా పొడీ కలిపి నింపి, తన చేత్తో ముడివేసి దించేది. పెళ్ళిళ్ళకు నెమలి, విస్సన్నపేట ఊళ్ళకు వెళ్ళినా ఆదివారం ఆఖరి బస్సుకు తిరిగొచ్చేది. పిలిచినవాళ్ళు ఇంకో రోజు ఉండమంటే, మా ఇంట్లో అభిషేకం ఉందండీ అనేది. అన్నీ చేసేది గానీ, శౌరయ్య పుస్తకం తెరిచి చూపిస్తే మాత్రం సంతకం పెట్టేది కాదు. అతను రెండు వారాలు ఓపిక పట్టి, మూడోవారం అడిగాడు.

"మందు వెయ్యకుండా పెట్టినవి ఇరవై ఏడున్నాయి గదా. అవన్నీ ఇప్పుడు నిజం అవుతున్నాయి," అన్నది. "అయ్యాక కొత్తది పెడతాను. అందాకా నువ్వే ఏదో ఒకటి రాసుకో."

శౌరయ్య ఆ గడిలో ప్రతివారం "నా కళ్ళ ముందు వేశారు" అని రాసుకునేవాడు. ఆ గడిలో అలా రాయవచ్చో లేదో అతను పైవాళ్ళనడగలేదు. వాళ్ళూ అతన్నడగలేదు.

ముసుర్లు పోయి, చలికాలం వచ్చి, మామిడి పిందెలు కట్టాయి. ఇరవై ఎనిమిదో సోమవారం నాడు వెంకాయమ్మ కుండ దించి, చెయ్యి కడుక్కుని, పైటకు తుడుచుకుని, పుస్తకం ఇమ్మన్నది. చప్టా అంచున కూర్చుని, శారదాంబ దిద్దించిన నాలుగక్షరాలూ తొందరలేకుండా పెట్టింది. పక్కింటి గోడ మీదనుంచి శారదాంబ చూసి, ఒత్తు కాస్త వంకర పోయిందన్నది.

శౌరయ్యకు దప్పికగా ఉంది. చూరులో విడిగా ఉండే గ్లాసు ఆ ఏడు ముసుర్లోనే ఎక్కడో పోయింది. ఎవరూ వెతకలేదు. వెంకాయమ్మ ఇంట్లోకెళ్ళి వీరరాఘవయ్య రెండుసార్లు తాగిన కంచుచెంబు తెచ్చి, నీళ్ళు నింపి అతని చేతికిచ్చింది. అతను చప్టా మీదే నిలబడి తాగాడు. తండ్రి తాగినప్పుడు పక్కనుంటే ఎట్లా చూసేదో, ఆమె అతని ముఖం అట్లా చూసింది.

"ఎట్లా ఉన్నయ్?"

శౌరయ్య నిజాయితీపరుడు. "కాస్త మందు వాసనుందమ్మగారూ," అన్నాడు.

"ఉండాలిగా మరి," అని, ఆమె చెంబు మళ్ళీ నింపింది.